సీసం కింద తేటగీతి

పదహారేళ్ళుగా మస్కట్‌లో మన సంఘానికి
సన్మాన పత్రాలు రాసేది నేనే.
పగలు రువీలో టైర్ల కొట్టు లెక్కలు,
రాత్రి ఎవరికో ఒకరికి "కళాహృదయులు", "వితరణశీలురు".
విశేషణాలు నా దగ్గర డబ్బాలో గుండీల్లా ఉంటాయి,
ఏ చొక్కాకైనా కుట్టగలను.

ఈసారి కార్యదర్శి ఫోన్ చేసి
"సీసం గురించి రాయాలి గురువుగారూ" అంటే
సీసంలోనే రాస్తానన్నాను.
నాకు తెలిసిన సీసం అదొక్కటే,
నాలుగు పెద్ద పాదాలు, సభ చప్పట్లకు సరిపడా.

తర్వాత తెలిసింది, ఇది నెత్తుట్లో దొరికిన సీసమని.

వాదీ కబీర్‌లో పాత బ్యాటరీలు పగలగొట్టే
బత్తుల ఏసురత్నం కొడుకు, నాలుగేళ్ళ జోయెల్.
కడుపు నొప్పని వెళ్ళారు,
వచ్చిన మాటలు మరిచిపోతున్నాడని మళ్ళీ వెళ్ళారు.
డాక్టరమ్మ తండ్రి బూట్లకేసి చాలాసేపు చూసి
"సాయంత్రం నువ్వొస్తే వీడేం చేస్తాడు?" అందట.
"కాళ్ళకి చుట్టేసుకుంటాడమ్మా" అన్నాడు,
తన బతుకులో చెప్పుకోదగ్గది అదే అన్నట్టు.

ఆ రాత్రి ఆ బిల్డింగులో
ఎవరూ టీవీ పెట్టలేదు.

తెల్లారి కోలా సువార్తమ్మ, ఆసుపత్రి ఆయా,
డ్యూటీ దిగిన కాళ్ళతోనే మూడంతస్తులూ ఎక్కింది.
"మీ పిల్లలకీ నెత్తురు పరీక్ష చేయించండి."
కొందరు తలుపే తీయలేదు.
ఒకావిడ "మా వంశంలో అలాంటివి లేవు" అంది.
సువార్తమ్మ మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు మళ్ళీ.
పదకొండు మంది పిల్లలు. ముగ్గురికి ఉంది.
ఆ ముగ్గురిలో ఒక పాప ఇంట్లో
బ్యాటరీ పనివాళ్ళే లేరు.

పాప కళ్ళకేసి చూశారందరూ. నల్లగా, అందంగా.
రాయచోటి హబీబున్నీసా మారుమాటాడక లోపలికెళ్ళి
అమ్మ ఇచ్చిన వెండి సుర్మా సీసా తెచ్చింది.
ఫలితం వచ్చాక
సీసా తిరిగి అడగలేదు.

కడప షౌకత్ లాండ్రీలో ఒక నీలం డ్రమ్ము వెలిసింది,
బ్యాటరీ వాళ్ళ బట్టలకే. రేటు పెంచలేదు.
వాచ్‌మన్ దాద్ మొహమ్మద్, బలూచీ ముసలాయన,
మెట్ల కింద పైపు లాగి, కుళాయి బిగించి,
తన పాత దుప్పటినే తెరగా కట్టాడు.
ఆడవాళ్ళు కిటికీల్లో రాలే పెయింటు
తడిగుడ్డతో ఒత్తి ఒత్తి తీశారు, ఊడ్చకుండా.
గ్యారేజీ యజమాని బూట్లు పెట్టుకోడానికి
అర కూడా కొనివ్వనన్నాడు.
ఏడు నెలలకు కొన్నాడు,
ఆ ఆలోచన తనదే అయినట్టు.

అన్నిటికంటే కష్టం పిల్లల్ని ఆపడం.
నాన్న గొంతు కిందే వినిపిస్తుంటుంది,
కాళ్ళు ఆగవు కదా.
ఎవరు కనిపెట్టారో గాని, ఎక్కాలు చెప్పిస్తున్నారు.
నాన్న స్నానం అయ్యేదాకా
మెట్ల మీద వరసగా కూర్చుని అరుస్తారు.
జోయెల్‌కి రెండో ఎక్కమే. మూడు రెళ్ళ దగ్గర
ప్రతిరోజూ తప్పుతాడు.

అంకె తగ్గిందట ఈ మధ్య.
పోయిన మాటలన్నీ ఇంకా రాలేదు.
అది కూడా రాయమని ఏసురత్నమే చెప్పాడు.

ఇక రాద్దామని కూర్చున్నాను.
సువార్తమ్మ గణాల్లో ఇమిడింది. నీలం డ్రమ్ము ఇమడలేదు.
"వితరణశీలురు" ఎవరికి కుట్టినా వదులైపోతోంది.
మూడు రాత్రులు కొట్టేసి,
సీసం మొత్తం వదిలేశాను.
దాని కింద తప్పక రావలసిన గీతి మాత్రం
మెట్ల దగ్గర నించుంటే దానంతటదే వచ్చింది:

తండ్రి వచ్చెను నీటిలో తడిసి తడిసి,
బిడ్డ యెక్కము లాపెను, బిరబిరమని
దూకె నొడిలోకి, నడుమను దుమ్ము లేదు,
తడియె మిగిలిన దిద్దరూ తడిసినారు.

యతి కుదిరింది.
షీల్డు మీద ఎవరి పేరు చెక్కాలో
నాకు తెలియలేదు, కార్యదర్శిగారూ.
కుళాయి పక్కన మేకు ఒకటి ఖాళీగా ఉంది.